డయాలసిస్ బెడ్డు మీద నాలుగు గంటలపాటు తోడుండే నంబర్ల రేడియో

గుళ్ల ముందు కొట్లలో దొరికే భక్తి పెట్టెలు రెండు రకాలు. ప్లగ్గులో పెడితే ఒకే మంత్రం తిరిగేది దేవుడి గదికి సరే, ఆస్పత్రికి దండగ. ఇయర్‌ఫోన్ పెట్టే చోటే ఉండదు. మెమరీ కార్డు, నంబర్ బటన్లు ఉన్న చిన్న రేడియో మాత్రం వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి బాగా పనికొస్తుంది. ఫిస్టులా చెయ్యి (డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి) కదపకూడదు కదా, మిగిలిన ఒక్క చేత్తో టచ్ ఫోన్ వెతుక్కోవడం తిప్పలే. దీంట్లో 7 నొక్కితే ఏడో ఫైలు పలుకుతుంది.

తిరకాసల్లా ఆ ఏడోది ఏదన్న దగ్గరే. ఇలాంటి చవక ప్లేయర్లలో చాలావాటికి ఫైలు పేరుతో పనిలేదు, కార్డులోకి ముందు ఎక్కిందే ఒకటో నంబరు. అన్నీ ఒకేసారి పేస్ట్ చేస్తే సుప్రభాతం పదకొండులో తేలుతుంది. 32 జీబీ లోపు కార్డు తీసుకుని, ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి, ఒక్కో ఫైలే వరసగా ఎక్కించండి. నంబర్లు పెద్దక్షరాల్లో అట్టముక్క మీద రాసి వెనక అంటించండి.

ఇయర్‌ఫోన్ ఒక చెవికే. రెండోది మెషిన్ అలారానికీ, సిస్టర్ పిలుపుకీ వదలాలి. కొన్ని పాత స్టీరియో రికార్డింగుల్లో గొంతు ఒక పక్క, వాద్యాలు ఒక పక్క ఉంటాయి కాబట్టి ముందే మోనోకి (రెండు పక్కలా ఒకే శబ్దం వచ్చేలా) మార్చుకోవాలి, లేకపోతే తంబూరా తప్ప శ్లోకం వినపడదు.

విష్ణు సహస్రనామం దాదాపు అరగంట. అది అయిపోయినప్పుడల్లా కళ్లు తెరిచి ఒంట్లో ఎలా ఉందో చూసుకోవడం మంచి పద్ధతి. ఖురాన్‌లోని సూరె రహ్మాన్ వినేవాళ్లయినా, కీర్తనలు వినేవాళ్లయినా అంతే. బీపీ పడిపోతుంటే వచ్చే మగతని ధ్యానం కుదిరిందనుకునే ప్రమాదం ఉంది. చెమట, ఆవలింతలు, పిక్కలు పట్టెయ్యడం కనిపిస్తే పారాయణం ఆపి సిస్టర్‌ని పిలవాల్సిందే. సూదులున్న చెయ్యి దుప్పటి కింద పెట్టకూడదు.

బ్యాటరీ పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకం, ఎక్కడైనా దొరుకుతుంది. వెనక మూత ఉబ్బిందంటే వెంటనే మార్చెయ్యాలి. మార్కులు తగ్గించేది సౌండ్ విషయంలో: కొన్ని ఆన్ చెయ్యగానే ఫుల్ సౌండుతో అరుస్తాయి. తగ్గించాకే చెవిలో పెట్టండి. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడినవాళ్లకి చెవులు ముందే దెబ్బతిని ఉండొచ్చు, గుయ్‌మంటుంటే డాక్టరుకి చెప్పాలి.