షుగర్ మీటరు: మిల్లీగ్రాములా, మిల్లీమోల్సా?

బరంపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా ల్యాబ్ రిపోర్టు మిల్లీగ్రాముల్లోనే వస్తుంది. లండన్‌లో ఉన్న కొడుకు పంపే మీటరు మిల్లీమోల్స్‌లో చూపిస్తుంది.

మిల్లీగ్రాములు: 100 మిల్లీలీటర్లలో గ్లూకోజ్ బరువు.
మిల్లీమోల్స్: లీటరులో గ్లూకోజ్ అణువుల లెక్క.

మోల్ అంటే అణువులను లెక్కపెట్టే కొలత. ఒక మోల్ గ్లూకోజ్ 180 గ్రాములు, అంటే ఒక మిల్లీమోల్ 180 మిల్లీగ్రాములు. లీటరులో 180 ఉంటే, అందులో పదో వంతైన 100 మిల్లీలీటర్లలో 18. అందుకే మిల్లీమోల్స్‌ను 18తో గుణిస్తే మిల్లీగ్రాములు: 7 అంటే 126. పరగడుపున షుగర్ వ్యాధికి గీత అదే.

ఖర్చు: ఇక్కడి మీటరుకు స్ట్రిప్పులు మందుల షాపులోనే. బయటి మీటరుకు వెతుకులాట.

రిస్క్: అసలు టెన్షన్ ఇదే. తెర మీద 20 చూసి "అయ్యో, పడిపోయింది" అని పంచదార నీళ్లు పట్టిస్తారు. నిజానికి అది 360!

చూపించుకునేది ఇక్కడి డాక్టరుకైతే మిల్లీగ్రాములే మేలు. బ్రిటన్‌లో పిల్లల దగ్గరే ఉండిపోయేవాళ్లకు మిల్లీమోల్స్.