టార్చిలైటు వెలుగులో ఒక బంగళా: నాకిష్టమైన 'పిజ్జా'

దయ్యాల సినిమాల్లో నేను ఏడాదికొకసారైనా మళ్ళీ చూసేది ఒకటే ఉంది, అది 2012 అక్టోబరులో విడుదలైన తమిళ చిత్రం 'పిజ్జా'. దర్శకుడు కార్తీక్ సుబ్బరాజ్‌కు అది తొలి చిత్రం, విజయ్ సేతుపతి అప్పటికింకా పెద్ద తార కాలేదు, నిర్మాణానికి పెట్టిన డబ్బూ తక్కువే. ఆ తక్కువ డబ్బే ఈ చిత్రానికి బలమైందని నేను గట్టిగా నమ్ముతాను.

మైకేల్ చెన్నైలో పిజ్జాలు అందించే కుర్రవాడు, దయ్యాలను నమ్మనివాడు. అతనితో కలిసి ఉంటున్న అను దయ్యాల కథ రాయాలని పుస్తకాలూ సినిమాలూ తిరగేస్తూ ఉంటుంది. ఒక రాత్రి అతను ఒక బంగళాకు పిజ్జా తీసుకువెళ్తాడు. డబ్బు తెస్తానని మేడ మీదికి వెళ్ళిన ఇల్లాలు ఎంతకీ తిరిగి రాదు, ఇంతలో కరెంటు పోతుంది.

అక్కడి నుంచి చాలాసేపు మనకు ఆధారం అతని చేతిలోని టార్చిలైటు ఒక్కటే. గోడల మీదా మెట్ల మీదా గుండ్రటి వెలుతురు మెల్లగా పాకుతూ పోతుంటే, కళ్ళు వెలుతురును చూస్తున్నా మనసు మాత్రం దాని అంచు దాటి చీకట్లో ఏముందోనని వెతుకుతూ ఉంటుంది. ఖరీదైన గ్రాఫిక్స్‌తో దయ్యాన్ని నిలబెట్టి చూపిస్తే ఒక్క క్షణం ఉలిక్కిపడి ఊరుకుంటాం గానీ, ఇక్కడ ఆ దయ్యాన్ని ఎవరికి వారే తయారుచేసుకోవాలి. సేతుపతి కేకలు పెట్టడు, గుటకలు మింగుతాడు. ఆ గుటకకూ ఊపిరికీ మధ్య సంతోష్ నారాయణన్ తన సంగీతాన్ని ఎక్కడ ఆపేశాడో గమనించండి, నాకైతే వాయిద్యాలకంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయం పుట్టించింది.

ఆ ఏడాది తమిళనాడంతటా కరెంటు కోత తీవ్రంగా ఉండేది, చెన్నైలో కూడా రోజూ రెండు గంటల పాటు తీసేసేవారు. అందుకే తెర మీద దీపాలు ఆరినప్పుడు, వడపళని థియేటర్లో మాతోపాటు కూర్చున్నవారికి అది సినిమా కోసం కల్పించిన చీకటిలా అనిపించలేదు. ఆ రాత్రి ఇంటికి చేరేసరికి మా వీధిలోనూ కరెంటు లేదు. ఫోను వెలుతురులో మూడో అంతస్తుకు మెట్లెక్కుతుంటే అక్క నా చొక్కా పట్టుకుని, "నువ్వు ముందు నడువురా, వెనక్కి మాత్రం చూడకు" అంది. నాకూ చూసే ధైర్యం లేకపోయింది.

లోపాలు లేవని అనను. మొదట్లో వచ్చే ప్రేమ సన్నివేశాలు కొంత సాగాయి, దయ్యం పట్టిన అమ్మాయి ఘట్టం మనం ఎన్నోసార్లు చూసినదే. ముగింపు గురించి ఒక్క మాట కూడా చెప్పను, అది తెలిసిపోతే మొదటిసారి చూసే అనుభవం పాడైపోతుంది. అయితే అది తెలిశాక రెండోసారి చూస్తే, బంగళాలో సేతుపతి ముఖంలో కనిపించే ప్రతి కదలికనూ కొత్తగా చదువుకోవలసి వస్తుంది, నేను ప్రతి ఏడాదీ తిరిగి చూసేది అందుకోసమే.

అదే పేరుతో తెలుగు అనువాదం కూడా ఉంది. తమిళం కాస్త అర్థమైనా మూలాన్నే చూడండి, ఎందుకంటే చీకట్లో అతని సొంత గొంతు వణికే తీరు డబ్బింగులో దొరకదు.