బఫర్ పెంచాలా, ఫ్రీజ్ చేయాలా, ప్లగిన్ మార్చాలా: ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం వైపు పీజీ గదుల్లో ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టుకుని పాటలు చేసుకునే మనవాళ్లందరికీ వచ్చే తలనొప్పే ఇది. ఆర్డోర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో గిటార్ ట్రాక్ మీద నాలుగు ప్లగిన్లు, అంటే ఎఫెక్ట్‌లు ఇచ్చే చిన్న ప్రోగ్రాములు, వేయగానే శబ్దంలో చిటపటలు మొదలు. నన్నడిగితే పాడేటప్పుడు, వాయించేటప్పుడు ప్లగిన్ల బరువు తగ్గించండి, మిక్సింగ్‌లో బఫర్ పెంచుకోండి, ఏదీ కుదరకపోతేనే ఫ్రీజ్.

బఫర్ అంటే ప్రాసెసర్ ఒక్కో విడతకి తీసుకునే ఆడియో ముక్క, దాన్ని పెంచడం సులువు కాబట్టి అందరూ అక్కడికే పోతారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 48 వేల శాంపిల్స్ చొప్పున, బఫర్ 128 శాంపిల్స్ ఉంటే ప్రాసెసర్‌కి ఒక్కో విడతకి దొరికేది 2.7 మిల్లీసెకన్లు, ఆలోపు ప్లగిన్లన్నీ పని ముగించాలి, ఒక్కటి ఆలస్యమైనా చిటుక్కుమంటుంది. 1024కి పెంచితే 21 మిల్లీసెకన్లు వస్తాయి, మిక్సింగ్‌కి హాయి. కానీ అదే సెట్టింగ్‌తో పాడమంటే హెడ్‌ఫోన్‌లో తన గొంతు తనకే వెనకపడి వినిపించి తాళం తప్పుతుంది. పైగా ప్లగిన్ చేసే లెక్కలు అలాగే ఉంటాయి.

ఇంకోటి చాలామంది గమనించరు. సిస్టమ్ మానిటర్‌లో ప్రాసెసర్ పావు వంతు కూడా వాడినట్టు ఉండదు, ఆడియో పనికి ఎంత టైమ్ పడుతోందో చూపే ఆర్డోర్ డీఎస్‌పీ మీటర్ మాత్రం ఎరుపెక్కిపోతుంది. ఎందుకంటే ఒక ట్రాక్ మీది ప్లగిన్లు ఒకదాని తర్వాత ఒకటే నడవాలి, ఆ వరుసని నాలుగు కోర్లకి పంచడం కుదరదు. అందుకే ఎనిమిది ట్రాక్‌లకి ఎనిమిది రివర్బ్‌లు (హాల్లో మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) వేసేకంటే, చాలా ట్రాక్‌ల శబ్దం కలిసే ఒక బస్ పెట్టి దాని మీద ఒక్క రివర్బ్ వేసి అన్నింటినీ అక్కడికి పంపితే చాలా మేలు.

ఇక ప్లగిన్ల విషయం, అసలు లాభం ఇక్కడే ఉంది. గిటార్ యాంప్ శబ్దాన్ని అనుకరించే న్యూరల్ యాంప్ మోడలర్ బరువుగా అనిపిస్తే తీసేయనక్కర్లేదు, స్టాండర్డ్ మోడల్ బదులు తేలికైన ఫెదర్ లేదా నానో మోడల్ వేసి చూడండి. డిస్టార్షన్‌లో ఓవర్‌శాంప్లింగ్, అంటే లోపల ఎక్కువ శాంపిల్ రేట్‌తో లెక్కించడం, 4 రెట్లు పెడితే ఆ భాగం పని కూడా దాదాపు అన్ని రెట్లు అవుతుంది, కాబట్టి రికార్డింగ్‌లో తగ్గించి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పెంచుకుంటే సరిపోతుంది. రివర్బ్‌లో కన్వల్యూషన్ రకం నిజమైన హాలులా వినిపిస్తుంది గానీ ఆ హాలు మోతని రికార్డ్ చేసిన ఇంపల్స్ ఫైల్ పొడవైనకొద్దీ బరువు పెరుగుతుంది, డ్రాగన్‌ఫ్లై లాంటి అల్గారిథమ్ రివర్బ్ తేలిక, నా ఓటు దానికే.

ప్లే ఆపేశాక లోడ్ తగ్గకపోగా పెరిగితే మాత్రం ముందు చూడాల్సింది వేరే ఉంది. రివర్బ్ తోక సన్నగిల్లి సున్నాకి దగ్గరయ్యేటప్పుడు మిగిలే అతి చిన్న సంఖ్యలని, అంటే డీనార్మల్స్‌ని, లెక్కేయడానికి చాలా ప్రాసెసర్లు తెగ ఆయాసపడతాయి. ఆర్డోర్ ప్రిఫరెన్సెస్‌లో వాటిని సున్నా చేసేసే ఆప్షన్ ఉంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇక పొద్దున బాగా నడిచిన సెషన్ కరెంటు పోయి బ్యాటరీ మీదికి వచ్చాక చిటపటలాడితే ప్లగిన్‌ని తిట్టకండి, పవర్ మోడ్ పెర్ఫార్మెన్స్‌కి మార్చండి.

ఫ్రీజ్ అంటే ఎఫెక్ట్‌లతో సహా ట్రాక్‌ని ఆడియో ఫైల్‌గా మార్చేయడం, ఆ తర్వాత ప్లగిన్ల లోడ్ ఉండదు. పాత రెండు కోర్ల ల్యాప్‌టాప్‌కి ఇదే దిక్కు. కాకపోతే ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దేది) కాస్త కదపాలన్నా అన్‌ఫ్రీజ్ చేసి మళ్లీ ఫ్రీజ్ చేయాలి, చిరాకు.

ఇవన్నీ చూశాక కూడా ఒక్క ప్లగిన్ దగ్గరే లోడ్ ఎగిరిపోతుంటే, ఖాళీ సెషన్‌లో అదొక్కటే వేసి చూడండి. అక్కడా అంతే అయితే వెర్షన్, శాంపిల్ రేట్, బఫర్, ఏ ప్రీసెట్‌తో వస్తోందో రాసి డెవలపర్‌కి పంపండి. ఊరికే "సీపీయూ ఎక్కువ తింటోంది" అని రాస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?