కొత్తవాడలో ముప్పై షత్రంజీలు కొన్నాను

హనుమకొండ నయీంనగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. మంచాల మీదికి వరంగల్ కొత్తవాడలో ఒక చిన్న దుకాణం నుంచి ముప్పై షత్రంజీలు, అంటే మగ్గం మీద నేసిన నూలు దర్రీలు, తెచ్చాను. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఒక్కోటి 550. ఎంత బేరమాడినా ఇరవై రూపాయలే తగ్గించాడు.

నేత మాత్రం గట్టి. వెలుతురుకు పట్టి చూసినా సందు కనబడలేదు. ఎరుపువి మూడు మొదటి ఉతుకులోనే రంగు దిగి ఒక పిల్ల తెల్ల చున్నీ పాడుచేశాయి. తీసుకెళ్తే దుకాణం కాకా, "ఉప్పునీళ్లల్ల నానబెట్టుమని చెప్పలేదా బిడ్డా?" అన్నాడు. చెప్పలేదు. అయినా మార్చి ఇచ్చాడు.

అసలు కష్టం ఎదురుచూపు. ఐదు వారాలు పట్టింది. కొత్తవాడలో మగ్గాలకు కరువొచ్చిందా కాకా అంటే, "మగ్గాలున్నయి, ఎక్కేటోళ్లే లేరు" అన్నాడు.

ఈ పరిస్థితి ఒక్కసారే రాలేదు. 2016 నవంబర్‌లో నోట్లు రద్దయినప్పుడు నాకు పెద్దగా ఏం కాలేదు. బ్యాంకు ముందు రెండు రోజులు లైన్లో నిలబడ్డా, అంతే. కాకా మాత్రం నేసేవాళ్లకు వారం వారం కూలీ చేతికిచ్చేది నోట్లతోనే. నూలు ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు, కూలీకి ఇవ్వడానికి నోటు లేదు. రెండు నెలల్లో ఎట్లాగో సర్దుకున్నాడట.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే నా హాస్టల్ రెండు రోజుల్లో ఖాళీ అయింది. బిల్డింగ్ కిరాయి మాత్రం ఆగలేదు. ఈయన మగ్గాలు ఇంట్లోనివే కాబట్టి మొదట్లో ఆడాయి. కానీ ఎగ్జిబిషన్లు లేవు, హాస్టళ్ల ఆర్డర్లు లేవు, సరుకు అటక దాకా పేరుకుంది. అదే వేసవిలో పరకాల దగ్గర మా అన్న వడ్లను ఊళ్లోని ఐకేపీ సెంటర్లోనే, అంటే సర్కారు వడ్లు కొనే చోటే, కొన్నారు. నాకు బియ్యం పంపింది ఆయనే.

పిల్లలు తిరిగొచ్చారు, నా గదులు నిండాయి. కాకా దగ్గర నేసే నలుగురిలో ముగ్గురు మళ్లీ రాలేదు. ఒకాయన ఆటో నడుపుతున్నాడు, ఒకాయన అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. ఇంకొకాయన సంగతి అడిగితే కాకా మాట మార్చాడు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఈ ప్రాంతం సరుకుకే చెందుతుందనే జీఐ ట్యాగ్) వచ్చింది కదా అన్నాను. "వచ్చింది బిడ్డా, దాన్ని మగ్గం మీద కూసోబెట్టాల్నా?" అన్నాడు.

మెషిన్‌వి ఇంతకన్నా చౌకగా దొరుకుతాయి, ఏడాదికే పోగులు లేస్తాయి. హాస్టల్‌కు కావాలంటే జూన్ దాకా ఆగకండి, ఏప్రిల్‌లోనే చెప్పి పెట్టండి. నీలం తీసుకోండి, ఎరుపు వద్దు.