హనుమకొండ కారం గిర్ని: ఓనర్ జర గరం

చౌరస్తా వెనక సందులో ఉన్న ఈ గిర్నికి, అంటే కారం పట్టే మిల్లుకి, నన్ను పంపిన తోటి టీచర్ ముందే చెప్పింది: "ఆయన జర గరం ఉంటడు మేడం, ఏమనుకోకుండ్రి."

మాది నరసరావుపేట. గరం అంటే మాకు మసాలానే, మనిషిని అలా అనడం ఇక్కడికొచ్చాకే విన్నాను. "గరమైండు" అంటే అప్పటికప్పుడు కోపమొచ్చిందని, "గరం మనిషి" అంటే స్వభావమే అంతని. మా వైపు ముక్కోపి అంటామే, వాడికి కారణం కూడా అక్కర్లేదు. గరం మనిషికి పట్టింపు ఎక్కువ, మండినంత త్వరగా చల్లారతాడు. ఉర్దూలో గరమ్ మిజాజ్ అంటారు. మాట పారసీదే గానీ మన 'ఘర్మజలం'లోని ఘర్మానికి చుట్టమే. తెలుగు టీచర్‌ని కదా, ఆపుకోలేను.

ఇక గిర్ని సంగతి. నా ముందున్నాయన సంచిలోంచి ఓనర్ ఒక కాయ తీసి విరిచాడు. చప్పుడు రాలేదు. "ఇవి ఎండినయా? ముద్దయితది, బూజు వడ్తది. ఇంకో రెండెండలు వెట్టి తీస్కరాపో" అని సంచి వెనక్కి నెట్టేశాడు. వచ్చిన బేరాన్ని తిట్టి పంపేవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

నావి నర్సంపేట వైపు నుంచి తెప్పించుకున్న చపాటా కాయలు, 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు పంట అనే అధికారిక ముద్ర) వచ్చిన రకం. టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు బ్రహ్మాండం, కారం తక్కువ. అందుకే ఘాటెక్కువుండే తేజ రకం కాయలు పావు వంతు కలిపాను. "పచ్చడికా, కూరలకా?" అని అడిగి, కూరలకైతే సరిపోద్దన్నాడు.

వేడెక్కితే రంగు చెడుతుందని మెషిన్‌ను మధ్యలో ఆపి, రెండు విడతలుగా పట్టాడు. పట్టిన కారాన్ని గుడ్డ మీద ఆరబోశాడు. నేను సంచి తెరవగానే నామీదా గరమయ్యాడు: "గరం మీద మూట గడితె చెమట వట్టి గడ్డలైతది మేడం, కూసోండ్రి." కూర్చున్నాను. పులుసు రంగు చూశాక ఆ కూర్చోవడం దండగ అనిపించలేదు. కారం మాత్రం మామూలు కంటే అర చెంచా ఎక్కువ పడుతోంది, అది కాయ గుణం.

కూలి చుట్టుపక్కల గిర్నీల కంటే కిలోకు ఐదారు రూపాయలు ఎక్కువ. ఒకటే బెంచీ, తుమ్ములు ఆగవు, పిల్లల్ని తీసుకెళ్లకండి. ఫ్యాన్ నేరుగా ఆరబోసిన కారం వైపే తిరిగి ఉంటుంది. ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఆవకాయల సీజన్‌లో ఆదివారం పోతే మధ్యాహ్నం దాకా నిలబడాల్సిందే. వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి, తొడిమలు తీసి, కాయలు గలగలమనేలా ఎండబెట్టుకుని.