కుక్క కరిస్తే గుర్రం సీరమా, మనిషి సీరమా?

"అన్నా, పిల్లోడ్ని కుక్క కరిచింది, రుయా ఆస్పత్రికి తీసకపోతా ఉండాం. గుర్రం సీరం ఏస్తారంట గదా, పడకపోతే ఎట్లా? మనిషి సీరం ఉంటే చెప్పు, ఎంతైనా పర్లేదు." తిరుపతిలో మందుల షాపు నడిపే నాకు ఈ మధ్య ఇలాంటి ఫోన్లు ఎక్కువయ్యాయి.

రేబిస్ వ్యాక్సిన్‌తో మన ఒంట్లో యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడేవి, తయారవడానికి వారం పైనే పడుతుంది. అంతవరకు గాయం దగ్గరే వైరస్‌ను ఆపేది సీరం, అంటే ముందే తయారై ఉన్న యాంటీబాడీల మందు. ఆ పని గుర్రందీ చేస్తుంది, మనిషిదీ చేస్తుంది. గుర్రందైతే కిలో బరువుకు 40 యూనిట్లు, మనిషిదైతే 20. రెట్టింపు వేస్తున్నారంటే అది నాసిరకమని కాదు. గుర్రం యాంటీబాడీలు ఒంట్లోంచి త్వరగా పోతాయి, అందుకే ఆ లెక్క.

గుర్రం సీరం పడదన్న భయం పాత సీరం కాలం నాటిది. ఇప్పుడు యాంటీబాడీలో రియాక్షన్ తెచ్చే భాగాన్ని పెప్సిన్ అనే ఎంజైమ్‌తో కత్తిరించి, బాగా శుద్ధి చేస్తున్నారు. ముందుగా చేసే స్కిన్ టెస్టు రియాక్షన్‌ను పట్టివ్వదు కాబట్టి అది అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. తీవ్రమైన రియాక్షన్ అరుదు. అయినా అలాంటి రియాక్షన్‌కు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉన్నచోటే వేయించుకోవాలి. కొందరికి వారం పది రోజులకు దద్దుర్లు, కీళ్ల నొప్పులు వస్తాయి, మందులతో తగ్గుతాయి. ఈ విషయంలో మాత్రం మనిషి సీరమే మేలు. పాముకాటు మందు కూడా మనకు గుర్రం నుంచే వస్తుంది. దానితో ఇదివరకు ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

నా దృష్టిలో అసలు తేడా సీరం ఎక్కడ వేశారన్న దాంట్లో ఉంది. అది గాయం లోపల, గాయం చుట్టూ పడాలి. పిల్లల ముఖం మీద, చేతుల మీద నాలుగైదు గాట్లుంటే బరువు లెక్కన వచ్చే మందు చాలదు. అప్పుడు సెలైన్ కలిపి, ఏ గాటూ వదలకుండా ఎక్కించాలి. పిల్లవాడు ఏడుస్తాడు, పట్టుకోవడం కష్టం, చూసేవాళ్లకీ టెన్షనే. ఆ కష్టం చూడలేక ఖరీదైన మనిషి సీరాన్ని పిరుదుకు పొడిపించుకుని వస్తే ఏం లాభం? ఓపిగ్గా గాయంలోకి ఎక్కించిన గుర్రం సీరానికే నా ఓటు. టీకా వేసుకున్న దాతల ప్లాస్మా నుంచి తీసేది కాబట్టి మనిషి సీరం ధర వేలల్లో ఉంటుంది, అడిగిన వెంటనే దొరకదు కూడా. దానికోసం వేలూరు, చెన్నై తిరిగి రోజు పోగొట్టుకోవద్దు.

సీరం బదులు వాడే, ల్యాబులో తయారుచేసే రాబిషీల్డ్ లాంటి మోనోక్లోనల్ యాంటీబాడీలూ ఉన్నాయి. వాటికి గుర్రంతో పనిలేదు. దొరికితే, కొనగలిగితే మంచిదే.

వీటిలో ఏది వేయించినా ఒక్కసారే. వ్యాక్సిన్ మొదటి డోసు రోజే వేయించాలి. ఆ రోజు కుదరకపోతే ఏడు రోజుల్లోపు పర్వాలేదు, ఆ తర్వాత అక్కర్లేదు. ఇంతకుముందు రేబిస్ వ్యాక్సిన్ పూర్తి కోర్సు చేసుకున్నవాళ్లకు సీరమే వద్దు, వ్యాక్సిన్ చాలు.