కంటిలోని శిలీంధ్రం జాడ తీయడానికి ఏది మేలు: స్లైడా, కల్చరా, డీఎన్‌ఏ పరీక్షా?

వరి కోతల్లో ఆకు అంచు గీసుకునో, నూర్పిళ్ల దగ్గర ధూళి పడో కన్ను ఎర్రబడి, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చతో రోగి వచ్చినప్పుడు మొదట తేలవలసినది ఆ పుండుకు కారణం బాక్టీరియానా, శిలీంధ్రమా అన్నదే, ఎందుకంటే ఒకదానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు. ఇది తేల్చడానికి నేడు ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. అయితే వాటిని పోల్చేటప్పుడు మనం అడిగేది జబ్బుపడిన కన్ను గురించా, ఆరోగ్యంగా ఉన్న కన్ను గురించా అన్నది మరచిపోకూడదు.

పుండు అంచు నుంచి గీకి తీసిన పదార్థాన్ని గాజు స్లైడు మీద పరచి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే, కణజాలం కరిగి శిలీంధ్రపు దారాలు మైక్రోస్కోపు కింద బయటపడతాయి. నిమిషాల్లో, అతి తక్కువ ఖర్చుతో ముగిసే ఈ పరీక్షకు నా దృష్టిలో సాటి లేదు. దాని లోపం మాత్రం చిన్నది కాదు: దారం కనిపిస్తుంది గాని దాని పేరు తెలియదు. పిథియం ఇన్సిడియోసమ్ అనే జీవి అచ్చం శిలీంధ్రంలాగే కనిపించినా శిలీంధ్రం కాదు; శిలీంధ్రాలకు వాడే నాటమైసిన్ అనే మందు పట్టుకునే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం దాని కణపు పొరలో లేనందున ఆ మందుకు అది లొంగదు. దానికి లినెజోలిడ్, అజిత్రోమైసిన్ వంటి బాక్టీరియా మందులు వాడుతున్నారు.

పేరు కావాలంటే కల్చర్ చేయాలి, అంటే గీకి తీసిన పదార్థంలోని జీవిని ప్రయోగశాలలో పెంచాలి. శిలీంధ్రాలను పెంచే సబూరో మాధ్యమం మీద ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ అనే పుండు కలిగించే శిలీంధ్రాలు కొద్ది రోజుల్లోనే పెరగవచ్చు గాని, ఏమీ పెరగలేదని నిర్ధారించడానికి రెండు వారాల వరకు ఆగవలసి వస్తుంది. ఆ ఆలస్యానికి తగ్గ ఫలితం ఉంది: పేరు తెలిస్తే మందు ఎంచుకోవడం సులభం. దక్షిణ భారతంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మంది రోగులపై జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో, వోరికొనజోల్ అనే మరో శిలీంధ్ర మందు చుక్కల కంటే నాటమైసిన్ చుక్కలు మెరుగైన ఫలితమిచ్చాయి. ఆ తేడా ముఖ్యంగా ఫ్యుజేరియం పుండ్లలో స్పష్టంగా కనిపించింది. పైగా ఏ మందుకు లొంగుతుందో పరీక్షించడానికి బతికున్న శిలీంధ్రాన్ని చేతికిచ్చేది కల్చర్ ఒక్కటే.

ఆరోగ్యంగా ఉన్న కన్ను సంగతి వేరు. రెప్పపాటు, కన్నీటిలో బాక్టీరియాను చంపే లైసోజైమ్ వంటి రక్షణల వల్ల అక్కడ సూక్ష్మజీవులు చాలా తక్కువ. కల్చర్‌లో తరచుగా ఏమీ పెరగదు. చర్మంపై నివసించే మలసేజియా అనే శిలీంధ్రానికి కొవ్వు కావాలి కాబట్టి, మామూలు మాధ్యమం మీద అది సాధారణంగా పెరగదు. శిలీంధ్రాల జన్యువుల్లో ఐటీఎస్ అనే భాగాన్ని చదివే డీఎన్‌ఏ పరీక్ష ఇక్కడ ముందుంటుంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు ఆరోగ్యవంతుల కళ్లను, శిలీంధ్రపు పుండున్న కళ్లను ఇలాగే పోల్చి, రెండింటిలోని శిలీంధ్ర సమూహాల మధ్య తేడాను గుర్తించారు. ఈ పద్ధతిలో ఆరోగ్యవంతుల కళ్లలో మలసేజియాతో పాటు పుండు కలిగించే ఆస్పర్జిల్లస్, ఫ్యుజేరియం జాడలు కూడా బయటపడ్డాయి. కాబట్టి పుండు లేని కంటిలో ఆ పేరు కనిపించినంత మాత్రాన చికిత్స అక్కరలేదు. గాలిలో వచ్చి కంటిలో పడి చచ్చిన బీజకణపు డీఎన్‌ఏ కూడా ఈ పరీక్షకు చిక్కుతుంది. పరీక్షకు వాడే రసాయనాల్లోని మలినం సైతం, నమూనా ఇంత స్వల్పమైనప్పుడు, కంటిదేనన్న భ్రమ కలిగిస్తుంది.

అందుచేత పుండున్న రోగికి నేను మేలనేది మొదట స్లైడు, దానితోపాటే కల్చర్. స్లైడైనా చూడకముందే మందుల దుకాణంలో కొన్న స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం. అవి ఎరుపును తగ్గిస్తూనే శిలీంధ్రాన్ని పెరగనిస్తాయి. రెండు పరీక్షల్లోనూ ఏమీ దొరకక, మందులు వేస్తున్నా పుండు లోతుకు పోతున్నప్పుడు మాత్రం మళ్లీ గీకి, అవసరమైతే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) ముక్క తీసి, డీఎన్‌ఏ పరీక్షకు పంపడమే సరైన పని.